చెట్లు కొట్టేసి గాలి పీల్చే యంత్రం పెడదామంటున్నారు, ఆదివారం ఏం అడగాలి?

మూడో_అంతస్తు
మాది మియాపూర్ దగ్గర అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. గేటు పక్కన రెండు కానుగ చెట్లున్నాయి. ఇల్లు కట్టినప్పుడు నాటినవి, ఇరవై రెండేళ్లకు మా వంటింటి కిటికీ దాకా ఎదిగాయి. పార్కింగు చాలడం లేదు కాబట్టి వాటిని తీసేద్దామని సంఘంలో కొందరు ఏడాదిగా అంటున్నారు. ఎలాగో అడ్డుకుంటూ వచ్చాం.

పోయిన ఆదివారం సమావేశానికి ఒక అమ్మకందారును పిలిపించారు. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే యంత్రమట. నిలువెత్తు గాజు తొట్టి, అందులో నాలుగు వందల లీటర్ల పచ్చటి నీళ్లు, నీళ్లలో నాచు, కింద పంపు, లోపల దీపాలు. ఏడాదికి రెండు టన్నులు పీలుస్తుంది, వంద చెట్లతో సమానం అన్నాడు. ధర నాలుగున్నర లక్షలు. చేతిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న మీటరు పెట్టుకుని, సమావేశం మొదట్లో హాల్లో 1,100 ఉన్న అంకె గంట తర్వాత 700కు దిగిందని అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు.

మా కార్యదర్శి గారు నా వైపు తిరిగి, "రెండు చెట్లు పోయి వంద చెట్లు వస్తున్నాయి కదమ్మా, ఇంకా అభ్యంతరం ఏమిటి?" అన్నారు. నేను చదివిన సైన్సు పదో తరగతి వరకే, అక్కడికక్కడ జవాబు తోచలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. వచ్చే ఆదివారం ఓటు పెడుతున్నారు. ఆ మనిషిని ఏం అడగాలో తెలిసినవారు చెప్పండి.

వేపచెట్టు
ముందు చట్టం సంగతి. సొంత స్థలంలో చెట్టయినా సరే, కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అటవీశాఖ అనుమతి ఉండాలి. ఓటు వేసుకుని కొట్టేసేది కాదు. అనుమతి పత్రం ఎక్కడని మొదటి ప్రశ్న అడగండి. మిగతావన్నీ ఆ తర్వాత.

రసాయన_మాష్టారు
అమ్మా, ముప్పై నాలుగేళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. మా చిన్నప్పటి పుస్తకాల్లో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఆ పేరు నాకు ఇప్పటికీ ఇష్టం, ఎందుకంటే అసలు విషయం ఆ పేరులోనే ఉంది. అది వాయువు రూపంలో ఉన్న బొగ్గు. యంత్రం దాన్ని పీల్చిందంటే ఆ బొగ్గు మాయం కాలేదు, మరో రూపంలో ఎక్కడో ఉండి తీరాలి. కాబట్టి ఆయన్ని అడగాల్సింది ఒక్కటే: పీల్చిన బొగ్గు ఎక్కడుంది, చూపించు.

చెట్టును ఈ ప్రశ్న అడిగితే తన మాను చూపిస్తుంది. ఎండిన కలపలో బరువుకు దాదాపు సగం కార్బనే. ఒక కిలో కార్బన్ అంటే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీ కానుగలో ఎండు బరువున ఒక టన్ను కలప ఉందనుకుంటే, అందులో సుమారు 1.8 టన్నుల వాయువు కట్టెగా మారి నిలబడి ఉన్నట్టు. కొట్టి పొయ్యిలో పెట్టిన రోజు అదంతా తిరిగి గాలిలోకి పోతుంది.

నాచుకూ ఇదే లెక్క. ఒక కిలో ఎండు నాచు తయారవడానికి దాదాపు 1.8 కిలోల వాయువు కావాలి. ఏడాదికి రెండు టన్నులు పీలిస్తే 1,100 కిలోల ఎండు నాచు రావాలి. అంటే రోజుకు మూడు కిలోలు. నీళ్లు పిండి, ఎండబెట్టాక మూడు కిలోలు! ఆ తొట్టిలోంచి రోజూ అంత నాచు తీసే పని ఎవరిది? తీసి ఎక్కడ పెడతారు?

మూడో_అంతస్తు
రోజుకు మూడు కిలోలా! నెలకోసారి మనిషి వచ్చి తొట్టి కడిగి పోతాడని చెప్పాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

పచ్చనీరు
నేను నాచు మీదే పరిశోధన చేస్తున్నాను, మాష్టారు గారి లెక్కకు ఇంకొంచెం కలుపుతాను. మంచి వెలుతురు, సరైన వేడి, పోషకాలు అన్నీ కుదిరిన తొట్టిలో లీటరుకు రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము ఎండు నాచు వస్తే సంతోషిస్తాం. నాలుగు వందల లీటర్లకు ఎంత ఉదారంగా వేసినా నాలుగు వందల గ్రాములు. ఆయన మాటకు కావలసింది మూడు కిలోలు. ఏడెనిమిది రెట్లు తేడా.

పైగా మేము ప్రయోగశాలలో ఆ దిగుబడి తేవడానికి నీళ్లలోకి గాఢమైన కార్బన్ డయాక్సైడ్ పంపుతాం. మామూలు గాలిలో అది 0.04 శాతం చిల్లరే. అంత పలచటి గాలితో మంచి దిగుబడి ఆశించకూడదు.

నాచు మీద నాకు ఎంతో ప్రేమ ఉంది, అందుకే బాధ కలుగుతోంది. దాన్ని మందుల తయారీకో, చేపల మేతకో, మురుగునీటి శుద్ధికో వాడుకోవచ్చు. వంద చెట్లని అబద్ధం చెప్పి అమ్మడం నాచుకే అవమానం.

లెక్కలపద్దు
కరెంటు సంగతి ఎవరూ అడగలేదు. కరపత్రంలో వాట్లు ఎన్నో చూడండి.

మూడో_అంతస్తు
ఇప్పుడే చూశాను. పంపు, దీపాలు కలిపి 250 వాట్లు, ఇరవై నాలుగు గంటలూ.

లెక్కలపద్దు
రోజుకు 6 యూనిట్లు. ఏడాదికి 2,190 యూనిట్లు. మన దేశపు గ్రిడ్డులో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఎక్కువ భాగం బొగ్గు కాబట్టి. 2,190ని 0.7తో గుణిస్తే ఒక టన్ను 530 కిలోలు.

అమ్మకందారు మాట అక్షరాలా నిజమని ఒప్పుకున్నా నికరంగా మిగిలేది అర టన్ను లోపు. పచ్చనీరు గారు చెప్పిన దిగుబడే నిజమైతే రోజుకు 400 గ్రాముల నాచు, అంటే ఏడాదికి 260 కిలోల వాయువు లోపల, 1,530 కిలోలు బయట. మీ గేటు దగ్గర పీలుస్తుంది, సింగరేణి బొగ్గు కాలే చోట అంతకు ఆరు రెట్లు వదులుతుంది. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి అరవై ఫ్లాట్లకూ పంచండి. ఆ 2,190 యూనిట్ల బిల్లు కట్టేదీ ఆ అరవై ఫ్లాట్లే.

నిద్రలేని_నిజాంపేట
మీటరు 1,100 నుంచి 700కు దిగిందన్నారు కదా? అది మాత్రం నిజమేనా?

రసాయన_మాష్టారు
నిజమే అయి ఉంటుంది. తలుపులు మూసిన హాల్లో యాభై అరవై మంది కూర్చుంటే మన ఊపిరితోనే అంకె వెయ్యి దాటుతుంది. మనిషి రోజుకు దాదాపు ఒక కిలో వదులుతాడు. మధ్యలో టీ ఇచ్చారా? తలుపు తీశారా?

మూడో_అంతస్తు
సమోసాలు, టీ ఇచ్చారు. సగం మంది బాల్కనీలోకి వెళ్లారు. మాష్టారూ, తలుపులు బార్లా తెరిచి పెట్టింది నేనే!

వేపచెట్టు
చూశారా? పీల్చింది తలుపు, పేరు యంత్రానికి!

ఇంకో మాట. ఇలాంటి యంత్రాలు చిన్నవైనా పెద్దవైనా పని ఒక్కటే. పొగ వదిలేవాళ్లకు సాకు దొరకడం. విదేశాల్లో వేల కోట్లు పోసి గాలి పీల్చే ఫ్యాక్టరీలు కడుతున్నారు. ఆ డబ్బుతో ఎన్ని మొక్కలు నాటవచ్చు? 2015లో హరితహారం మొదలుపెట్టి ఊరూరా నాటాం కదా.

ఆశావాది
వేపచెట్టు గారూ, ఆ తొట్టి మోసమని ఒప్పుకుంటాను. కానీ ఆ కోపంలో అసలైన పనిని కూడా తోసేయవద్దు. నేను వాయువుల శుద్ధి రంగంలో ఇంజినీరుని, ఈ విషయం రోజూ చదువుతాను.

ఐస్‌లాండ్‌లో స్విట్జర్లాండ్ సంస్థ క్లైమ్‌వర్క్స్ 2021లో ఓర్కా అనే కర్మాగారం తెరిచింది, సామర్థ్యం ఏడాదికి 4,000 టన్నులు. 2024లో మామత్ మొదలైంది, పూర్తి సామర్థ్యం 36,000 టన్నులు. పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలిని లాగుతాయి. లోపలి వడపోత పదార్థం కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం పట్టుకుంటుంది. అది నిండాక తలుపులు మూసి వంద డిగ్రీల దాకా వేడి చేస్తే శుద్ధమైన వాయువు విడిపోతుంది. దాన్ని నీటిలో కలిపి భూమి లోపలి బసాల్ట్ అనే నల్లటి లావా రాతిలోకి పంపుతారు. ఆ వేడి, ఆ కరెంటు భూగర్భ ఆవిరి నుంచి వస్తాయి, బొగ్గు నుంచి కాదు. మాష్టారు గారి ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది: బొగ్గు రాయిగా మారి భూమిలో ఉంది.

చెట్లు చాలవా అంటే, నాటడానికి నేల కావాలి, అవి కాలిపోకూడదు, ఎవరూ కొట్టకూడదు. మీ గేటు దగ్గర రెండు కానుగలనే కాపాడుకోలేకపోతున్నాం. కొన్ని కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గును తీసి కాల్చి, దాన్ని వందేళ్లు బతికే చెట్టుకు అప్పజెప్పడం న్యాయమైన లెక్క కాదు.

లెక్కలపద్దు
ప్రపంచం ఇంధనాలు కాల్చి వదిలేది ఏడాదికి దాదాపు 3,700 కోట్ల టన్నులు. మామత్ ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో తిరిగితే పీల్చేది ప్రపంచం అర నిమిషంలో వదిలేది. పైగా మొదటి ఏడాది అది సామర్థ్యం దరిదాపులకు కూడా రాలేదు. టన్నుకు ధర వందల డాలర్లు. ఆశ మంచిదే, కానీ అంకె పక్కన పెట్టి చూడాలి.

ఆశావాది
అంకె నాకూ తెలుసు. 2010 తర్వాత పదేళ్లలో సోలార్ పలకల ధర పదో వంతుకు పడిపోయింది. మొదట్లో వాటినీ ఇలాగే కొట్టిపారేశారు.

లెక్కలపద్దు
సోలార్ పలక కరెంటు ఇస్తుంది, కరెంటు కొనేవాడు ఉంటాడు. గాలిలోంచి తీసి పాతిపెట్టిన వాయువును ఎవరు కొంటారు? ఇది చెత్త బండి లాంటిది. ఊరి చెత్త జవహర్‌నగర్‌కు చేరాలంటే ఎవరో రుసుము కట్టాలి. గాలిలోని చెత్తకు ఆ రుసుము ఎవరు కడతారో తేలనంత వరకు ధర ఎంత తగ్గినా పని జరగదు. నా మాట కట్టాల్సిన అవసరం లేదని కాదు. ముందు ఎక్కువ వేసినవాడు ముందు కట్టాలి. మన దేశంలో ఏడాదికి తలసరి రెండు టన్నులు, అమెరికాలో పద్నాలుగు దాకా.

ఆశావాది
చెత్త బండి పోలిక బాగుంది. పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అయితే చెత్త వేయడం తగ్గించినా ఇప్పటికే పేరుకున్న గుట్ట ఉంటుంది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలోని ఈ వాయువును 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల్లో 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. సిమెంటు, విమానాలు లాంటివాటి నుంచి వెలువడేది పూర్తిగా ఆపడం కష్టం. ఆ మిగులుకు సరిపడా గాలిలోంచి తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022 నివేదికే చెప్పింది. మన దేశం 2070కి నికర సున్నా, అంటే వదిలినంతా తిరిగి తీసేయడం, అంటోంది. ఆ "నికర" అన్న మాటలో ఈ పని దాగి ఉంది.

రాళ్లూరప్పలు
బసాల్ట్ మాట వచ్చాక ఊరుకోలేను. భూగర్భశాస్త్రం నా వృత్తి, హబ్సిగూడలో ఉంటాను.

ఐస్‌లాండ్‌లో వాయువును రాతిలోకి పంపే కార్బ్‌ఫిక్స్ సంస్థ వాళ్లు చేసింది నిజంగా గొప్ప పని. వాయువును నీటిలో కరిగిస్తే పుల్లటి సోడా అవుతుంది. అది బసాల్ట్ రాతిలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను కరిగించి, వాటితో కలిసి కార్బొనేటు ఖనిజంగా గడ్డకడుతుంది. వేల ఏళ్లు పడుతుందనుకున్న పని. 2012లో పంపిన దానిలో 95 శాతం రెండేళ్లలోపే రాయి అయిందని 2016లో ప్రచురించారు. ఆ రాతి ముక్కల ఫోటోలు చూస్తే నల్లరాతి రంధ్రాల్లో తెల్లటి పలుకులు. నాకు ఒళ్లు పులకరించింది.

మన దగ్గర దక్కను బసాల్ట్ ఐదు లక్షల చదరపు కిలోమీటర్లు పరిచి ఉంది. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా. ఉప్పల్ రోడ్డులోని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ కోణంలో దాన్ని చాలాకాలంగా పరిశీలిస్తున్నారు.

అయితే తొందరపడకూడదు. హైదరాబాద్ కింద ఉన్నది బసాల్ట్ కాదు, గ్రానైట్. ఖాజాగూడ గుట్టలూ, జూబ్లీహిల్స్ బండలూ 250 కోట్ల ఏళ్ల నాటివి, ఈ పనికి రావు. పడమరగా వికారాబాద్, జహీరాబాద్ వైపు వెళ్తే దక్కను అంచు తగులుతుంది, కానీ అక్కడ పొర పలచన. పడమటి కనుమల దగ్గర రెండు కిలోమీటర్ల మందం ఉంటుంది. ఇక నీళ్ల సంగతి: కార్బ్‌ఫిక్స్ పద్ధతికి ఒక టన్ను వాయువుకు సుమారు పాతిక టన్నుల నీరు కావాలి. ఐస్‌లాండ్‌లో నీటికి కొదవ లేదు. మరఠ్వాడాలో, మన తాండూరులో ఆ మాట అనగలమా?

తాండూరు_కంది
అనలేం సార్. మా బోరు తొమ్మిది వందల అడుగులు, వేసవిలో గాలి తప్ప ఏమీ రాదు.

గోల్కొండ_గోడ
రాళ్లు వచ్చాయి కాబట్టి నా సంగతీ చెప్పనివ్వండి. నేను పాత కట్టడాల మరమ్మతు పని చేస్తాను. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసే యంత్రం మన ఊరిలో ఎప్పటినుంచో ఉంది. సున్నం!

1591లో చార్మినార్ కట్టినప్పుడు వాడింది సున్నమే, సిమెంటు అప్పటికి పుట్టలేదు. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు, నీళ్లు చల్లి విరియబెడతారు, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి డంగు సున్నం చేస్తారు, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తారు. గోడకు పూశాక అది గట్టిపడేది ఎండిపోయి కాదు, గాలిలోని ఈ వాయువును పీల్చి. పీల్చి పీల్చి మళ్లీ సున్నపురాయి అవుతుంది. నాలుగైదేళ్ల కిందట మరమ్మతు చేసిన గోడ నుంచి ముక్క తీసి ఫినాఫ్తలీన్ చుక్క వేసి చూశాను. అంచున రంగు రాలేదు, పీల్చడం పూర్తయింది. లోపల ముదురు గులాబీ రంగు, ఇంకా పీల్చాల్సి ఉంది. కళ్ల ముందు గోడ ఊపిరి తీసుకుంటున్నట్టు అనిపించింది. ఆ రోజు పని ఆపి కూలీలందరికీ చూపించాను.

రసాయన_మాష్టారు
ఎంత బాగా చెప్పారు! ఇది విన్నాక పిల్లలకు పాఠం చెప్పినంత సంతోషంగా ఉంది. కానీ మాష్టారు పని మాష్టారు చెయ్యాలి కాబట్టి ఒక మాట. నూరు కిలోల సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల వాయువు వస్తాయి. గోడ మీద అది తిరిగి పీల్చేదీ ఆ 44 కిలోలే. బట్టీలో కాల్చిన కట్టెల, బొగ్గుల పొగ అదనం. అంటే గోడ తన అప్పు తాను తీర్చుకుంటోంది, ఊరి అప్పు కాదు.

గోల్కొండ_గోడ
ఒప్పుకుంటాను మాష్టారూ. సిమెంటు ఆ అప్పులో కొంతైనా తీర్చడానికి ఎన్నో దశాబ్దాలు తీసుకుంటుంది. సున్నం త్వరగా తీరుస్తుంది. నా గౌరవం దానికే.

ఆశావాది
దీన్నే తిరగేసి వాడుతున్నారండి! కాలిఫోర్నియాలో ఎయిర్‌లూమ్ అనే సంస్థ 2023లో మొదటి కర్మాగారం తెరిచింది. సున్నపురాయిని కరెంటు బట్టీలో కాల్చి, అక్కడ వెలువడే 44 కిలోలను బయటకు పోనివ్వకుండా పట్టేస్తారు. మిగిలిన సున్నాన్ని పళ్లేలలో పలచగా పరిచి గాలికి పెడతారు. గోడ ఏళ్ల తరబడి చేసే పని మూడు రోజుల్లో అయిపోతుంది. మళ్లీ అదే బట్టీలోకి. ఈసారి పీల్చింది ఊరి అప్పు. ఆ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి వెయ్యి టన్నులే, కానీ ఆలోచన చూడండి.

గోల్కొండ_గోడ
పళ్లేలలో సున్నం ఆరబోయడం! మా పెద్దమేస్త్రికి రేపే చెబుతాను.

తాండూరు_కంది
నాదీ ఒక అనుభవం ఉంది. పోయిన ఏడు కంది కోత అయ్యాక కట్టె అంతా ఎప్పటిలా చేనులోనే తగలబెట్టబోయాను. వ్యవసాయ కళాశాలలో చదివే మా తమ్ముడు ఆపాడు. చేనులో గరాటు ఆకారంలో గొయ్యి తవ్వించాడు. కింద నిప్పు పెట్టి, మంట పైనే ఉండేలా పొరలు పొరలుగా కట్టె వేస్తూ పోవాలి. పై మంట గాలిని తినేస్తుంది, కింది కట్టె బూడిద కాకుండా బొగ్గవుతుంది. చివర్లో నీళ్లు కొట్టి ఆర్పేశాం. నాలుగు క్వింటాళ్ల కట్టెకు క్వింటాలుకు కొంచెం తక్కువ బొగ్గు వచ్చింది. దాన్ని పేడ ఎరువులో నానబెట్టి అర ఎకరం ఎర్ర చెలకలో కలిపాం. ఆ అర ఎకరంలో ఈసారి తేమ రెండు మూడు రోజులు ఎక్కువ నిలిచింది. దిగుబడి పెరిగిందని ఇప్పుడే చెప్పను, ఒక్క ఏడు చూసి చెప్పకూడదు.

మాష్టారు గారి ప్రశ్నకు నా జవాబు: బొగ్గు నా చేనులో ఉంది, తవ్వి చూపిస్తాను.

రసాయన_మాష్టారు
నాయనా, ఇంతవరకు వచ్చిన జవాబుల్లో ఇది నాకు బాగా నచ్చింది. ఆ బొగ్గులో ముప్పాతిక వంతు కార్బన్ అనుకున్నా, క్వింటాలుకు 275 కిలోల వాయువు. మామూలుగా కుళ్లితే ఏడాది రెండేళ్లలో గాలిలోకి పోయేది, బొగ్గయితే మట్టిలో వందల ఏళ్లు ఉంటుంది.

లెక్కలపద్దు
బొగ్గును నేలలో దాచినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ డబ్బులు వచ్చాయా?

తాండూరు_కంది
ఒక ఏజెంటు వచ్చాడు. ఫోటోలు తీసుకున్నాడు, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. టన్నుకు ఎంత అని అడిగితే తర్వాత చెబుతామన్నాడు. బొగ్గు తూచలేదు, పరీక్షకు పట్టుకెళ్లలేదు. తూకం వెయ్యకుండా నా కందులే ఎవరూ కొనరు, బొగ్గు ఎలా కొంటారు? సంతకం పెట్టలేదు.

లెక్కలపద్దు
చాలా మంచి పని చేశారు. తూకం లేని చోట డబ్బు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

నిద్రలేని_నిజాంపేట
రాతిపొడి పొలంలో చల్లితే కూడా వాయువు పీలుస్తుందని చదివాను. మా బావమరిదికి కీసర వైపు క్రషర్ ఉంది, పొడి గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. ఉచితంగా ఇస్తాడు!

రాళ్లూరప్పలు
ఉచితమే కానీ కీసర క్రషర్లది గ్రానైట్ పొడి. అందులో కాల్షియం, మెగ్నీషియం తక్కువ, పీల్చేది నామమాత్రం. కావలసింది బసాల్ట్ పొడి. వాన చినుకు గాలిలోని వాయువును కరిగించుకుని కొంచెం పుల్లగా మారి నేల మీద పడుతుంది, రాతిని కరిగిస్తుంది, బైకార్బొనేటుగా మారి కాలువల్లో, నదుల్లో సముద్రం చేరుతుంది. ప్రకృతి ఈ పని అనాదిగా చేస్తోంది, మెల్లగా. రాతిని పిండి చేస్తే ఉపరితలం పెరిగి పని త్వరగా జరుగుతుంది. అంతే కిటుకు.

మాటీ కార్బన్ అనే సంస్థ మన దేశపు చిన్న వరి రైతుల పొలాల్లోనే బసాల్ట్ పొడి చల్లించి 2025లో గాలిలోంచి ఈ వాయువును తీసే పద్ధతుల పోటీ ఎక్స్‌ప్రైజ్ మొదటి బహుమతి గెలిచింది, ఐదు కోట్ల డాలర్లు. ప్రపంచమంతా పోటీ పడితే గెలిచింది వరి మడి. ఇది గర్వపడాల్సిన సంగతి.

పొడిని ఎంత దూరం లారీలో మోశారన్నది మాత్రం మరవకూడదు. డీజిల్ పొగ ఆ పీల్చిన దాన్ని మింగేస్తుంది. పైగా బసాల్ట్ నుంచే పుట్టిన నల్లరేగడిలో నేల ముందే క్షారంగా ఉంటుంది, ఫలితం తక్కువ. కాస్త ఆమ్లంగా ఉన్న ఎర్ర నేలల్లో ఎక్కువ. అంటే వికారాబాద్ నల్లరాయి దగ్గర్లోని ఎర్ర చెలకకు చేరితే బాగుంటుంది, కోస్తా దాకా మోస్తే దండగ.

వేపచెట్టు
ఇంతమంది చెప్పాక నేను మొదట అన్న మాట కొంచెం సవరించుకుంటాను. అన్నీ సాకులే అన్నాను. సున్నం, బొగ్గు, రాతిపొడి సాకులు కావు. కానీ ఒక్కటి మార్చుకోను. ఉన్న చెట్టును కొట్టి, దానికి బదులుగా ఇంకేదో పెట్టడం గాలి శుభ్రం చేయడం కాదు. చేవెళ్ల దారిలో వందల మర్రి చెట్లున్నాయి. ఒక్క మర్రి కింద నిలబడి చూడండి. నీడ, తేమ, గుడ్లగూబ, వానాకాలంలో నీళ్లు ఇంకే వేళ్లు. టన్నుల లెక్కలో వీటికి పద్దు లేదు.

ఆశావాది
దానికి నేను మీ పక్షమే. గాలి పీల్చే కర్మాగారం కట్టే ఇంజినీరు ఎవరైనా చెట్టు కొట్టమని చెబితే వాడికి తన పనే అర్థం కాలేదన్నమాట.

పచ్చనీరు
మూడో అంతస్తు గారూ, సమావేశం అయిపోయి ఉండాలి. ఏమైంది?

మూడో_అంతస్తు
నిన్న జరిగింది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, ఇల్లంతా చుట్టాలు.

మాష్టారు గారి ప్రశ్నతో మొదలుపెట్టాను. పీల్చిన బొగ్గు ఎక్కడ పెడతారండీ అని. ఆయన మొదట నవ్వాడు. తర్వాత, నెలకోసారి తొట్టి కడిగి ఆ నాచును డ్రైనేజీలోకి వదిలేస్తామన్నాడు. అక్కడ కుళ్లి మళ్లీ గాలిలోకే వస్తుంది కదా అని అడిగింది నేను కాదు, మా పక్కింటి తొమ్మిదో తరగతి అమ్మాయి! ఆ అమ్మాయి ముందురోజు సున్నపుతేటలో గొట్టంతో ఊది, తెల్లబడటం చూపించి, ఆ సీసా కూడా సమావేశానికి తెచ్చింది. లెక్కలపద్దు గారి కాగితం అరవై ప్రతులు తీయించాను. కరెంటు బిల్లు అంకె చూశాక వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. వాల్టా అనుమతి అడిగితే కార్యదర్శి గారి దగ్గర కాగితం లేదు.

యంత్రం వద్దని తీర్మానమైంది. చెట్ల సంగతి మాత్రం తేలలేదు. ఓటు నెల రోజులు వాయిదా వేశారు. పార్కింగు ఇబ్బంది నిజమే, దాన్ని నేను కాదనను. వెనకవైపు వాడకుండా పడి ఉన్న జనరేటర్ గది తీసేస్తే ఐదు కార్లు పడతాయని మా వారు కొలిచి చూశారు. ఆ పటం గీయించి ఇంటింటికీ తిరుగుతున్నాను. ఇరవై మూడు సంతకాలు వచ్చాయి, ముప్పై ఒకటి కావాలి.

నిద్రలేని_నిజాంపేట
ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి నా తరఫున ఒక పెద్ద చాక్లెట్.

రసాయన_మాష్టారు
ఆ సీసాలోకి ఇంకా ఎక్కువసేపు ఊదమనండి. తెల్లబడింది మళ్లీ తేటపడుతుంది. రాళ్లూరప్పలు గారు చెప్పిన వాన, రాయి, బైకార్బొనేటు కథ అంతా ఆ సీసాలోనే ఉంది. ఎందుకు తేటపడిందో తనే రాసి ఇక్కడ పెట్టమని చెప్పండి, దిద్దిపెడతాను.

తాండూరు_కంది
అక్కా, వచ్చే గురువారం మార్కెట్ పని మీద సిటీకి వస్తున్నాను. మిగిలిన బొగ్గు రెండు బస్తాలుంది. కానుగల చుట్టూ పాదు చేసి ఎరువుతో కలిపి వేయండి. తూచే తెస్తాను.

మూడో_అంతస్తు
తమ్ముడూ, తప్పకుండా రా. గేటు దగ్గర కాపలా తాతకు చెప్పి ఉంచుతాను. కానుగ పూత ఇప్పుడు నేలంతా రాలి ఉంది, బండి దాని మీదే ఆపుకో, ఫరవాలేదు. ఆ పాదు చుట్టూ మిగతా ఎనిమిది ఇళ్లవాళ్లను కూడా పిలుస్తాను, సంతకాల కాగితం చేతిలోనే ఉంటుంది.